చంటిబిడ్డ మొదటి ఏడాది: ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు (తరచుగా అడిగే ప్రశ్నలు)

మాకు ఇద్దరు పిల్లలు. ఆఫీసులో గానీ బంధువుల్లో గానీ ఎవరికైనా ఏడో నెల వచ్చిందంటే నాకు ఫోన్ వస్తుంది: "అక్కా, కొనాల్సిన వస్తువుల లిస్టు పంపించవా?" పంపిస్తే అది చూసి మళ్లీ ఫోన్: "వాకర్ రాయడం మర్చిపోయినట్టున్నావే?" మర్చిపోలేదు. ఒకే జవాబు పదిమందికి పదిసార్లు చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. తిరుపతిలో ఉండేవాళ్ల కోసం రాసినా, చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వాళ్లకు కూడా పెద్ద తేడా ఉండదు. నేను డాక్టర్ని కాను. మందుల విషయంలో మీ పిల్లల డాక్టరు ఏం చెబితే అదే.

## కాన్పుకు ముందు

బిడ్డ పుట్టకముందు ఏమీ కొనకూడదని మా అత్తమ్మ అంటున్నారు. నిజంగా ఏమీ కొనకుండా ఉంటే ఇబ్బంది కాదా?

ఏమీ కాదు. మా అవ్వ కూడా ఇదే మాట అనేది, నేను నవ్వేదాన్ని. ఇద్దరు పిల్లలయ్యాక అందులో ఉన్న లెక్క తెలిసింది. పుట్టబోయే బిడ్డ రెండున్నర కిలోలుంటుందో మూడున్నర ఉంటుందో తెలియదు. ఉయ్యాల్లో నిద్రపోయే రకమో, ఒళ్లో తప్ప పడుకోని రకమో తెలియదు. తెలియకుండా కొన్నవే మూలన పడతాయి. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు ఎక్కడికీ పోవు. బిడ్డ పుట్టాక ఏది కావాలన్నా సాయంత్రానికల్లా తెచ్చుకోవచ్చు.

ఒక్క పని మాత్రం ముందే చేయండి. ఇంట్లో ఉన్న పాత మెత్తటి నూలు చీరలు, పంచెలు నాలుగైదు తీసి, ఉతికి, ఎండలో ఆరేసి, ముక్కలుగా కత్తిరించి పెట్టండి. అది కొనడం కిందికి రాదు కాబట్టి అత్తమ్మకూ అభ్యంతరం ఉండదు.

ఆసుపత్రి బ్యాగులో బిడ్డ కోసం ఏమేం పెట్టుకోవాలి?

మెత్తటి నూలు గుడ్డలు ఎనిమిది, ముందువైపు ముడి వేసే చొక్కాలు నాలుగు, లంగోటీలు డజను, ఒక టోపీ, ఒక జత సాక్సులు, చుట్టడానికి రెండు తువ్వాళ్లు, అప్పుడే పుట్టినవాళ్ల సైజు డైపర్లు ఒకే ఒక్క చిన్న ప్యాకెట్టు. అన్నీ ఒకసారి ఉతికినవే పెట్టండి. కొత్త బట్టకు ఉండే గంజి లేత చర్మానికి పడదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది తల్లీబిడ్డల కార్డు. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి అందులో రాయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే ఇంటికి రావడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఉచితం. పాలసీసా మాత్రం బ్యాగులో పెట్టొద్దు. చేతికి అందేలా ఉంటే రెండో రాత్రికే ఎవరో ఒకరు "పాపం, ఆకలేమో" అని దాన్ని బయటికి తీస్తారు.

కొత్త బట్టలు ఎన్ని జతలు కొనాలి?

మొదటి మూడు నెలలకు ఆరేడు జతలు చాలు. పుట్టినప్పటి బరువు ఐదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. ఇవాళ సరిపోయిన చొక్కా నెలన్నరకు చంకల్లో బిగుస్తుంది. కొంటే ఒక సైజు పెద్దవే కొనండి. జరీ, నెట్టు, చెమ్కీలు ఉన్న గౌన్లు ఫోటోకు బాగుంటాయి గానీ, ఫోటో అయిపోయేలోపే బిడ్డ ఏడుపు మొదలవుతుంది.

సబ్బు, పౌడరు, నూనె, బ్రష్షు అన్నీ ఉన్న గిఫ్ట్ బాక్సు కొనడం లాభమేనా?

లాభం అమ్మేవాళ్లకే. అందులో మీకు పనికొచ్చేది సబ్బు, గోళ్లు కత్తిరించే చిన్న కట్టర్. రెండూ విడిగా కొనుక్కోవచ్చు.

## మొదటి మూడు నెలలు

ఉయ్యాల కొనాలా, చెక్క తొట్టి మంచం కొనాలా, చీర ఉయ్యాల సరిపోతుందా?

బిడ్డకు నిజంగా కావాల్సింది గట్టిగా, చదునుగా ఉన్న పరుపు లేదా బొంత. దాని మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. చుట్టూ దిండ్లు, మెత్తటి బొమ్మలు, మందపాటి దుప్పట్లు ఉండకూడదు. ఏడాది దాకా ఇదే పద్ధతి. ఇంత చిన్న సంగతికి నేను ఎంత తగలేశానో చెప్తాను వినండి. మా పెద్దమ్మాయి కోసం కింద సొరుగులు, పైన దోమతెర స్టాండు, పక్కకు దిగే కటకటాలు ఉన్న తొట్టి మంచం తెప్పించాం. బిగించడానికి మా ఆయనకు ఒక ఆదివారం పట్టింది. అమ్మాయి అందులో మొత్తం పదకొండు రాత్రులు పడుకుంది. ఆ తర్వాత మూడేళ్లు అది మా ఇంటి మడతబట్టల స్టాండు.

చీర ఉయ్యాల మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే, పిల్లలు హాయిగా నిద్రపోతారు, కాదనను. కానీ గుడ్డ వంపులో బిడ్డ ముడుచుకుని గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి సరిగా ఆడదు. అందుకే పగటిపూట, మీ కళ్లముందు, కాసేపటికే ఉయ్యాల వాడండి. నిద్ర పట్టాక తీసి చదును పక్క మీద వేయండి. రాత్రంతా అందులోనే ఉంచొద్దు. కొక్కెం తుప్పు పట్టిందేమో, ముడి జారుతోందేమో రోజూ లాగి చూడండి. బిడ్డ తనంతట తాను బోర్లా పడడం మొదలుపెట్టిన రోజే ఉయ్యాల విప్పేయాలి.

తొట్టెలో వేసే వేడుకకు ఇత్తడి గొలుసుల ఉయ్యాల కావాలని ముచ్చటపడితే ఆ ఒక్క రోజుకు అద్దెకు తెచ్చుకోండి.

ఆవాల దిండు పెడితే తల గుండ్రంగా వస్తుందంటారు. కొనమంటారా?

వద్దు. ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ వద్దు, ఆవాలదైనా దూదిదైనా. తల ఒకవైపు చదునుగా కనిపిస్తుంటే, పడుకోబెట్టినప్పుడు తల పెట్టే వైపు మారుస్తూ ఉండండి. మెలకువగా ఉన్నప్పుడు మీరు పక్కనే కూర్చుని కాసేపు బోర్లా వేయండి. చాలామంది పిల్లలకు కూర్చోవడం మొదలుపెట్టాక అదే సర్దుకుంటుంది.

దోమతెర సరిపోతుందా, మస్కిటో కాయిల్, లిక్విడ్ కూడా పెట్టాలా?

దోమతెర తప్పనిసరిగా కొనండి. గొడుగులా మడిచేదయితే ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పగటి నిద్రకు కూడా వేయండి. కాయిల్ పొగ చంటిబిడ్డ గదిలో వద్దే వద్దు. లిక్విడ్ పెట్టాలనుకుంటే సాయంత్రం బిడ్డ లేనప్పుడు గదిలో పెట్టి, తీసేసి, కిటికీ తెరిచాక బిడ్డను తీసుకెళ్లండి. ఒంటికి రాసే దోమల క్రీములు రెండు నెలల లోపు అసలు వాడకూడదు.

డైపర్లా, గుడ్డలా? మా అమ్మ ఒకటి అంటుంది, మా ఆయన ఒకటి అంటాడు.

ఇద్దరి మాటా సగం సగం వినండి. మొదటి నెలల్లో బిడ్డ రోజుకు పది పన్నెండు సార్లు తడుపుతుంది. ఒక్కో డైపరు పది, పదిహేను రూపాయలు అనుకున్నా, పూర్తిగా వాటి మీదే నడిపితే నెలకు నాలుగు వేలు సులువుగా దాటుతుంది. పూర్తిగా గుడ్డల మీద నడిపితే డబ్బు మిగులుతుంది గానీ, రాత్రి మూడింటికి లేచి తడిగుడ్డ మార్చేది బాలింతే. ఆమె నిద్రకూ ఒక ఖరీదు ఉంది.

మా ఇంట్లో కుదిరిన పద్ధతి: పగలు గుడ్డ లంగోటీలు, రాత్రి ఒకటి రెండు డైపర్లు, ప్రయాణంలో డైపర్లు. లంగోటీలు ముప్పై దాకా ఉంటే రోజుకొకసారి ఉతికినా సరిపోతాయి. తిరుపతిలో చిక్కు ఎక్కడంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. కపిలతీర్థంలో జలపాతం దూకుతుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ, ఇంట్లో మాత్రం లంగోటీలు ఆరవు. ఆ నెలల్లో పుట్టే బిడ్డకు ఇంకో పదిహేను ఎక్కువ కుట్టించుకోండి.

అప్పుడే పుట్టినవాళ్ల సైజు డైపర్లు ఆఫర్ ఉందని పెద్ద పెట్టె కొనొద్దు. నెలా నెలన్నరకే చిన్నవైపోతాయి. పక్క కింద వేసే రబ్బరు షీట్లు, నీళ్లు పీల్చే డ్రై షీట్లు రెండు మూడు మాత్రం తప్పకుండా ఉండాలి. బట్టలు ఉతకడంలో సగం పని తగ్గించేవి అవే.

స్నానానికి టబ్ కావాలా? మా పెద్దమ్మ కాళ్ల మీద వేసుకుని పోస్తానంటోంది.

కాళ్ల మీద పోసేవాళ్లు ఇంట్లో ఉంటే అంతకంటే మంచి టబ్ లేదు. పీట మీద కూర్చుని, చీర కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపుకుని, కాళ్లు చాచి, బిడ్డ తల పాదాల వైపు ఉండేలా పడుకోబెడతారు చూడండి, నీళ్లు ఎప్పటికప్పుడు కిందికి జారిపోతాయి, బిడ్డ కదలకుండా ఉంటుంది. నీళ్ల వేడి మాత్రం మీ మోచేత్తో చూడండి. పనిచేసి కాయలు కాచిన అరచేతికి ఆ వేడి తెలియదు.

ముక్కులో నోటితో ఊదడం, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వేయడం, తల, ముక్కు వత్తి షేపు చేయడం, ఈ మూడూ వద్దని పెద్దమ్మతో నెమ్మదిగా చెప్పండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. సాయానికి ఎవరూ లేని ఇంట్లో వాలుగా ఉండే చిన్న టబ్ పనికొస్తుంది. అందులో కూడా బిడ్డను ఒక్క క్షణం వదిలి వెళ్లొద్దు.

సాంబ్రాణి, పౌడరు, కాటుక మామూలేగా? మేమంతా అలా పెరిగినవాళ్లమే.

పెరిగాం, నిజమే. కానీ సాంబ్రాణి పొగ లేత ఊపిరితిత్తులకు పడదు. తల ఆరడానికి పొడిగుడ్డ చాలు, వాసన మీద మోజుంటే దేవుడి గదిలో వేసుకోండి. పౌడరు గాల్లో లేచి ముక్కులోకి పోతుంది. కాటుకల్లో కొన్నిటిలో సీసం ఉంటుంది. ఇంట్లో పట్టిన మసి కాటుకైనా, వేలితో కంట్లో పెడితే ఇన్ఫెక్షన్ వస్తుంది. దిష్టి కోసమైతే అరికాలిలో చుక్క పెట్టండి, కంట్లో వద్దు. మా అత్తమ్మతో ఈ రాజీకి రావడానికి నాకు రెండు వారాలు పట్టింది.

పాలసీసాలు, స్టెరిలైజర్ ముందే తెచ్చి పెట్టుకోమంటారా?

తల్లిపాలు పడుతుంటే రెండూ అక్కర్లేదు. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా అవసరం లేదు, మే నెల ఎండల్లో కూడా. పాలు పిండి పట్టాల్సి వస్తే ఉగ్గుగిన్నె వాడండి. ముక్కులాంటి అంచున్న చిన్న గిన్నె, స్టీలుదైనా వెండిదైనా. లోపల మూలలు లేవు కాబట్టి కడగడం సులువు, నీళ్లలో వేసి మరిగిస్తే సరి. సీసాకు పాలపీక, మర, రింగు, ఇలా మురికి దాక్కునే చోట్లు నాలుగు.

డాక్టరు చెప్పి డబ్బాపాలు పట్టాల్సి వస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు. సీసా విడగొట్టి, మునిగేలా నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించండి. మూత ఉన్న గిన్నె చాలు, కరెంటు స్టెరిలైజర్ వద్దు. బోరు నీళ్లతో మరిగిస్తే తెల్లటి పొర పడుతుంది, ఫిల్టరు నీళ్లు వాడండి. ఇంకో సంగతి: డబ్బాపాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడం, తల్లులకు ఉచితంగా శాంపిళ్లు పంచడం మన దేశంలో 1992 నాటి చట్టం ప్రకారం నిషేధం. ఎవరైనా ఉచితంగా డబ్బా చేతిలో పెడితే తీసుకోవద్దు.

గ్రైప్ వాటర్, వస ఇంట్లో ఉండాలా?

అక్కర్లేదు. పాలు తాగాక భుజం మీద వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. వస అరగదీసి నాకిస్తే మాటలు బాగా వస్తాయంటారు. మా ఇంట్లో ఇద్దరికీ నాకించలేదు, ఇద్దరూ వసపిట్టలే. తేనె కూడా ఏడాది దాకా వద్దు, నాలుక మీద చుక్క కూడా. దానిలో ఉండగల క్రిములు చంటిబిడ్డకు ప్రాణం మీదికి తెస్తాయి.

మందుల డబ్బాలో ఏం ఉంచాలి?

డిజిటల్ థర్మామీటరు ఒకటి, డాక్టరు రాసిన విటమిన్-డి చుక్కలు (మామూలుగా రోజుకు 400 యూనిట్లు, ఏడాది దాకా), ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు, కొలత గీతలున్న సిరంజి. నుదుటికి గురిపెట్టే గన్ థర్మామీటరు కొనక్కర్లేదు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు చూపిస్తే ఇంట్లో మందు వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరండి. పెద్ద పిల్లల సిరప్పు కొలత తగ్గించి వేయడం ఎప్పుడూ చేయొద్దు.

ఎండాకాలంలో పుట్టింది. ఏసీ వేస్తే జలుబు చేస్తుందా?

జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఏసీ వల్ల కాదు. తిరుపతిలో మే నెలలో 42 డిగ్రీల ఎండకు బిడ్డను టోపీ, సాక్సులు, గ్లౌజులు, దుప్పటితో చుట్టిపెట్టడమే అసలు ప్రమాదం. ఏసీ ఉంటే 25, 26 దగ్గర పెట్టండి, గాలి నేరుగా బిడ్డ మీదికి రాకూడదు. లేకపోతే ఫ్యాను, పలచటి నూలు చొక్కా చాలు. బిడ్డ మెడ వెనక తాకి చూడండి, చెమట పట్టి ఉంటే ఒక బట్ట తీసేయండి. బిడ్డ కోసమని కొత్తగా ఏసీ కొనక్కర్లేదు.

## మూడు నుంచి ఆరు నెలలు

ఉద్యోగానికి తిరిగి వెళ్లాలి. బ్రెస్ట్ పంప్ కొనడం దండగా?

ఉద్యోగం చేసే తల్లికి నేను ధైర్యంగా కొనమనే వస్తువు ఇదొక్కటే. చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఉంటుంది. అది అందరికీ పూర్తిగా దొరకదు, దొరికినా ఆరు నెలల తర్వాత పాలు ఆపేయాలని కాదు. రోజుకు ఒకటి రెండుసార్లు తీయాలంటే చేత్తో నొక్కే పంపు చాలు. మూడు నాలుగుసార్లు తీయాల్సి వస్తే కరెంటుది మేలు. ఎలాగూ కొంటారు కాబట్టి కప్పు సైజు మీకు సరిపోయేది చూసుకోండి, సరిపోకపోతే నొప్పి తప్ప పాలు రావు. చేత్తో పిండడం నర్సమ్మ దగ్గర నేర్చుకుంటే అసలు ఖర్చే ఉండదు, పంపు పాడైన రోజు అదే ఆదుకుంటుంది.

తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు నిలవుంటాయి. మన ఎండాకాలం గదులు అంత చల్లగా ఉండవు, తీసిన వెంటనే ఫ్రిజ్‌లో లోపలివైపు పెట్టేయండి. అక్కడ నాలుగు రోజులు ఉంటాయి. డబ్బా మీద తేదీ, టైము రాయండి. యాభై మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ఆఫీసులో శిశు సంరక్షణ గది ఉండాలని కూడా చట్టం చెబుతోంది. అడగడానికి మొహమాటపడొద్దు.

స్ట్రోలర్ కొంటే వాకింగ్‌కు పనికొస్తుంది కదా?

ఎక్కడ నడిపిస్తారు? మా బైరాగిపట్టెడ సందుల్లో బండ్లు, కుక్కలు, మురుగు కాలవ మీద ఎత్తుపల్లాల బండలు. స్ట్రోలర్ తోసేకంటే ఎత్తుకోవడమే సుఖం. చదునైన రోడ్లు, లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్లో ఉండి, రోజూ కింద తిప్పుతామనుకునేవాళ్లు కొనుక్కోవచ్చు. మిగతావాళ్లకు వద్దు.

బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్ మంచిదేనా?

మెడ నిలిచాక, అంటే దాదాపు నాలుగో నెల నుంచి, బాగా పనికొస్తుంది. కాళ్లు కింద వేలాడేది కాకుండా, తొడల కింద వెడల్పుగా గుడ్డ ఉండి మోకాళ్లు నడుము కంటే కాస్త పైకి ఉండేది చూసి కొనండి. ముఖం మీకు కనిపించాలి, మీరు తల వంచితే బిడ్డ నుదుటికి ముద్దు పెట్టగలిగేంత ఎత్తులో ఉండాలి. వంట చేసేటప్పుడు మాత్రం వేసుకోవద్దు.

ఏ బొమ్మలు కొనాలి?

నాలుగు నెలల బిడ్డకు మీ ముఖం కంటే పెద్ద బొమ్మ లేదు. ఒక గిలక్కాయ, పట్టుకుని నమలడానికి ఒక రింగు చాలు. ప్లాస్టిక్ బొమ్మ కొంటే ఐఎస్ఐ ముద్ర చూడండి, 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. కొండ దగ్గర అమ్మే చెక్క బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి గానీ నోట్లో పెట్టుకునే వయసుకు రంగు, వార్నిష్ ఏదో తెలియనివి వద్దు. బ్యాటరీ మూత స్క్రూతో బిగించని బొమ్మ ఏదీ ఇంట్లోకి రానివ్వకండి. బిళ్లలాంటి చిన్న బ్యాటరీ మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది.

## ఆరు నుంచి తొమ్మిది నెలలు

అన్నప్రాశన అయ్యింది. హై చైర్, బేబీ మిక్సీ, ప్లేట్ల సెట్టు కొనాలా?

మిక్సీ ఇంట్లో ఉంది. ప్లేటు వెండి గిన్నె రూపంలో ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. లేకపోతే చిన్న స్టీలు గిన్నె, మెత్తటి అంచున్న చెంచా చాలు. హై చైర్ కూడా తప్పనిసరి కాదు, కింద కూర్చుని తినే ఇంట్లో బిడ్డ కూడా మీ పక్కన చాప మీదే కూర్చుంటుంది. నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలన్నదే ముఖ్యం. పడుకోబెట్టి, ముక్కు మూసి పోయడం వద్దు.

డబ్బా సెరియల్ కొనకపోతే బలం సరిపోతుందా?

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టి రాగులు వదిలేసి డబ్బా ఎందుకమ్మా. రాత్రి గుప్పెడు రాగులు నానేసి, పొద్దున నీళ్లు వంపి తడిగుడ్డలో మూట కట్టి పెడితే, మర్నాటికి తెల్లటి సన్న తోకల్లా మొలకలు వస్తాయి. కాసిని నీళ్లతో మిక్సీలో మెత్తగా రుబ్బి, పాత పంచె ముక్కలో పోసి పిండితే లేత బూడిద రంగు పాలు దిగుతాయి. సన్న మంట మీద గరిటె ఆపకుండా తిప్పండి. ఒక్కసారిగా చిక్కబడి, గరిటె వెనక పూతలా అంటుకుంటుంది. అప్పుడే దించేయాలి, ఇంకాస్త ఆగితే ఉండ కడుతుంది.

ఏడాది దాకా ఉప్పు, చక్కెర, బెల్లం వేయకండి. రాగి ఒక్కటే కూడా సరిపోదు. మెత్తగా ఉడికిన పప్పన్నం, నెయ్యి, గుడ్డు, కూరగాయలు, యాలక్కి అరటిపండు, వేసవిలో మామిడి గుజ్జు ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి. ఐరన్ చుక్కల గురించి డాక్టర్ని అడగండి. ఆవుపాలు తాగే పాలుగా ఏడాది నిండాకే.

పళ్లు వస్తున్నాయి. పూసల దండ వేస్తే నొప్పి తగ్గుతుందంటున్నారు?

తగ్గదు. దండ మెడకు చుట్టుకుంటుంది, తెగితే పూస గొంతులో అడ్డం పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన శుభ్రమైన తడిగుడ్డ నమలనివ్వండి. మువ్వల పట్టీలు వేస్తే మువ్వలు గట్టిగా అతికి ఉన్నాయో లేదో లాగి చూడండి. మొలతాడు నెలకోసారి వదులు చేయండి.

## తొమ్మిది నుంచి పన్నెండు నెలలు

వాకర్ ఎప్పుడు కొనాలి?

ఎప్పుడూ వద్దు. కూర్చోబెట్టి వదిలే చక్రాల వాకర్ నడక నేర్పదు, కాలి వేళ్ల మీద నెట్టుకోవడం నేర్పుతుంది. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం. మా చెల్లెలి కొడుకు పది నెలల వయసులో వాకర్‌తో సహా వరండా మెట్టు మీంచి బోర్లా పడ్డాడు. ఒక్క మెట్టే. నుదుటి మీద మూడు కుట్లు. మా చెల్లెలు రెండడుగుల దూరంలోనే బట్టలు మడతపెడుతోంది. చక్రాల మీద ఉన్న బిడ్డను అందుకోవడానికి ఆ రెండడుగులు కూడా ఎక్కువే.

నిలబడి వెనక నుంచి తోసుకుంటూ పోయే చెక్క మూడు చక్రాల నడకబండి వేరు. బిడ్డ తనంతట తాను లేచి నిలబడడం వచ్చాక, మీరు పక్కన ఉన్నప్పుడు అది ఇవ్వొచ్చు. అదీ లేకపోతే బోర్లించిన ప్లాస్టిక్ స్టూలు చాలు. మా చిన్నోడు దాన్నే హాలంతా తోశాడు.

కిచకిచ శబ్దం చేసే బూట్లు కొనొచ్చా?

ఇంట్లో ఒట్టి కాళ్లే మంచివి. బయట నడవడం మొదలయ్యాక మెత్తటి అడుగున్న జత ఒకటి కొనండి. శబ్దం మీ ఇష్టం, కింది ఫ్లోరు వాళ్లనూ ఒకసారి అడగండి.

ఇల్లంతా పాకుతోంది. భద్రతకు ఏమేం కొనాలి?

కింద ఉన్న ప్లగ్గులకు మూతలు, మెట్ల దగ్గర అడ్డం. ఈ రెండే కొనేవి. మిగతాది కొనేది కాదు, సర్దుకునేది: నీళ్ల బకెట్టు నిండుగా ఉంచొద్దు, బాత్రూమ్ తలుపుకు గడియ పెట్టండి, యాసిడ్, ఫినాయిల్ పై అరలోకి మార్చండి, టేబుల్ క్లాత్ తీసేయండి, దేవుడి గదిలో దీపం ఎత్తులో పెట్టండి. మీరు కూడా ఒకసారి మోకాళ్ల మీద హాలంతా పాకి చూడండి. మంచం కింద మాకు దొరికినవి: రెండు సేఫ్టీ పిన్నులు, ఒక శనగగింజ, మాత్రల షీటు.

## బయటికి వెళ్లేటప్పుడు

స్కూటీ మీద బిడ్డను ఎత్తుకుని వెనక కూర్చోవచ్చా?

అందరూ కూర్చుంటున్నారు, నేనూ కూర్చున్నాను, అది తప్పే. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్, నడిపేవాళ్లకు కట్టే భద్రతా బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. అంతకంటే చిన్నబిడ్డతో అయితే ఆటోనే మేలు. ఆటోలో బయటి అంచు వైపు కాకుండా మధ్యలో కూర్చోండి.

కారు సీటు అవసరమా? చిత్తూరు దాకానే కదా వెళ్లేది.

డెబ్బై కిలోమీటర్ల హైవే అది. సొంత కారుంటే కొనాల్సిన వస్తువుల్లో ఇది మొదటి వరుసలో ఉంటుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటులో గానీ కూర్చోబెట్టాలి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. చంటిబిడ్డ సీటును వెనక సీట్లో, వెనక్కి చూసేలా బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ వద్దు. ఒడిలో పట్టుకున్నాం కదా అనుకోకండి, గట్టి బ్రేకు పడితే ఏ అమ్మ చెయ్యీ ఆపలేదు. ప్రమాదంలో దెబ్బతిన్న పాత సీటు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

పుట్టువెంట్రుకలకు కొండకు వెళ్తున్నాం. బ్యాగులో ఏం ఉండాలి?

డైపర్లు ఆరు, జత బట్టలు మూడు, పెద్ద నూలు దుప్పటి ఒకటి (పాలివ్వడానికి, పరవడానికి, కప్పడానికి), ఒంటికి కట్టుకునే క్యారియర్, స్టీలు సీసాలో నీళ్లు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం. డిసెంబరు, జనవరిలో అయితే ఉన్ని టోపీ పెట్టుకోండి, కింద తిరుపతిలో ఉన్నట్టు పైన ఉండదు. గుండు తర్వాత ఎండలోకి వెళ్లడానికి పలచటి టోపీ ఒకటి. ఘాట్ రోడ్డు మలుపుల్లో కక్కుకోకుండా, బస్సెక్కే అరగంట ముందే పాలు పట్టేయండి. అలిపిరి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388 మెట్లు. చంటిబిడ్డను ఎత్తుకుని మెట్ల మొక్కు ఈసారికి వాయిదా వేసుకోండి, స్వామి ఏమీ అనుకోడు.

ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక ప్రవేశమార్గం వైపు నుంచి దర్శనానికి పంపే ఏర్పాటు ఉంది. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు, మీ ఇద్దరి ఆధార్ తీసుకెళ్లండి. రద్దీ రోజుల్లో వేళలు మారుతుంటాయి, టీటీడీ సైటు చూసుకుని బయల్దేరండి.

## బహుమతులు, పాత వస్తువులు

"ఏం తెమ్మంటారు?" అని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి?

మొహమాటం లేకుండా చెప్పండి. డ్రై షీట్లు, రెండో సైజు డైపర్లు, ఏడాది వయసు బట్టలు. చదివింపులు కవరులో పెట్టి ఇస్తే ఇంకా మంచిది. అడగకుండా వదిలేస్తే మాకు వచ్చినట్టు మీకు కూడా తొమ్మిది గౌన్లు, ఏడు గిలక్కాయలు, పసిబిడ్డ ఎత్తున్న టెడ్డీ బేర్ ఒకటి వస్తాయి.

ఇంకొకరు వాడినవి తీసుకోవచ్చా? చిన్నతనం కాదా?

బట్టలు, లంగోటీలు, దోమతెర, నడకబండి, పుస్తకాలు, హాయిగా తీసుకోండి. వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే కొత్తవాటి కంటే మెత్తగా ఉంటాయి. మా చిన్నోడు మొదటి ఆరు నెలలు వాళ్లక్క, పెద్దమ్మ కొడుకు బట్టల్లోనే పెరిగాడు. పాలపీకలు, వాడిన పంపు గొట్టాలు, చరిత్ర తెలియని కారు సీటు మాత్రం తీసుకోవద్దు.

ఇస్తానన్నవాళ్లు దొరకడమే కష్టం గానీ, తీసుకోవడంలో చిన్నతనం ఏముంది. మా ఇంట్లో సొరుగులున్న చెక్క తొట్టి మంచం ఒకటి ఉంది, పదకొండు రాత్రులు వాడింది. కొనమని ఎవరికీ చెప్పను, ఊరికే కావాలంటే మాత్రం ఆదివారం ట్రాలీ ఆటో తీసుకుని రండి. స్క్రూలన్నీ ఒక డబ్బాలో వేసి పెట్టాను.